ఆకలి హార్మోన్లు – డిమెన్షియాలో ఆహారపు మార్పులు

1. పరిచయం

డిమెన్షియా (చిత్తవైకల్యం) అనగానే మనకు మతిమరుపే గుర్తుకు వస్తుంది. కాని ఈ వ్యాధి మనిషి తిండిని కూడా మారుస్తుంది. కొందరు తినడం తగ్గించి చిక్కిపోతారు. మరికొందరు ఎంత తిన్నా ఆగరు. ఈ రెండు మార్పులకు శరీరంలో, మెదడులో ఉన్న కారణాలను, ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలను ఈ భాగంలో తెలుసుకుంటారు.

ఒక ఉదాహరణ ఊహించండి. ఆమదాలవలసలో ఒక ఇంట్లో అత్తగారికి డిమెన్షియా ఉంది. మధ్యాహ్నం కోడలు అన్నం పెట్టింది. అరగంట గడిచేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని, "పొద్దున్నుంచి నాకు తిండి పెట్టలేదు" అని వచ్చేపోయేవారికి చెబుతోంది. ఇరుగుపొరుగు కోడలిని తప్పుపడతారు. కోడలు, అత్తగారు అబద్ధమాడుతున్నారని బాధపడుతుంది. నిజానికి ఇక్కడ ఎవరూ అబద్ధమాడడం లేదు. ఇది అర్థం కావాలంటే ముందు ఆకలి ఎలా పుడుతుందో తెలియాలి.

2. ఆకలి ఎలా పుడుతుంది?

మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. శరీరానికి ఎంత శక్తి కావాలో, ఎంత నిల్వ ఉందో లెక్క చూసేది ఇదే. ఈ సమాచారాన్ని హార్మోన్లు రక్తం ద్వారా చేరవేస్తాయి. ముఖ్యమైనవి ఇవి:

(అ) గ్రెలిన్: ఇది ప్రధానంగా జీర్ణాశయంలో తయారవుతుంది. భోజనానికి ముందు పెరిగి ఆకలి పుట్టిస్తుంది, తిన్నాక తగ్గుతుంది. జపాన్‌లో కోజిమా, కంగావాల బృందం దీనిని 1999లో కనుగొంది.

(ఆ) లెప్టిన్: ఇది కొవ్వు కణాల నుంచి వస్తుంది. కొవ్వు నిల్వ ఎంత ఉందో మెదడుకు తెలిపి ఆకలిని అదుపు చేస్తుంది. అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దీనిని 1994లో కనుగొంది.

(ఇ) పేగుల హార్మోన్లు: కోలిసిస్టోకైనిన్, జీఎల్‌పీ-1 వంటివి తిన్న తరువాత కడుపు నిండిన భావన కలిగిస్తాయి.

హార్మోన్లు సందేశాలు మాత్రమే. వాటిని అందుకుని "ఇక చాలు" అని చేయి ఆపే పనిలో నుదుటి వెనుక ఉన్న మెదడు భాగానికి కూడా పాత్ర ఉంది. "ఇప్పుడే తిన్నాను" అన్న జ్ఞాపకం కూడా అవసరమే. పాల్ రోజిన్, సహచరులు 1998లో ప్రచురించిన ప్రయోగం దీనికి సాక్ష్యం. జ్ఞాపకశక్తిని తీవ్రంగా కోల్పోయిన ఇద్దరు రోగులకు భోజనమైన కొద్ది నిమిషాలకే మళ్ళీ వడ్డిస్తే, వారు మళ్ళీ తిన్నారు. పై ఉదాహరణలో అత్తగారి మాటకు కారణం ఇదే కావచ్చు. కడుపు నిండింది, కాని తిన్నట్టు గుర్తు లేదు.

3. అల్జీమర్స్ వ్యాధి: తిండి తగ్గడం

అల్జీమర్స్ వ్యాధిలో బరువు తగ్గడం తరచుగా కనిపిస్తుంది. కొందరిలో మతిమరుపు బయటపడక ముందే ఇది మొదలవుతుంది. వాసన సరిగా తెలియకపోవడం, ముద్ద నోట్లో పెట్టుకుని మింగడం మరచిపోవడం, ఎదుట ఉన్నది ఆహారమని పోల్చుకోలేకపోవడం ఇందుకు కారణాలు. డొనెపెజిల్ వంటి మందుల వల్ల కూడా వికారం కలిగి ఆకలి తగ్గవచ్చు.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 2009లో ఒక విషయం వెల్లడించింది. రక్తంలో లెప్టిన్ ఎక్కువగా ఉన్న వృద్ధులలో తరువాతి సంవత్సరాలలో అల్జీమర్స్ తక్కువగా కనిపించింది. అయితే లెప్టిన్ తగ్గడం వల్లనే వ్యాధి వస్తుందని దీని అర్థం కాదు. వ్యాధి తొలిదశలోనే బరువు తగ్గితే, కొవ్వుతో పాటు లెప్టిన్ కూడా తగ్గుతుంది. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణం కాదని మీరు గుర్తుంచుకోవాలి.

4. ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా: తిండి పెరగడం

మెదడులో నుదుటి, కణతల భాగాలు క్షీణించే ఈ వ్యాధిలో మొదట మారేది తరచుగా ప్రవర్తన. తీపి మీద కోరిక పెరుగుతుంది. కొందరు బెల్లం డబ్బా ఖాళీ చేస్తారు, పక్కవారి పళ్ళెంలోది తీసుకుని తింటారు. ఈ రకం రోగులలో హైపోథాలమస్ కుంచించుకుపోయిందని, తిండి అలవాట్లు ఎక్కువగా మారినవారిలో ఆ నష్టం ఎక్కువగా ఉందని ఆస్ట్రేలియా పరిశోధకులు 2011లో తెలిపారు. సందేశం వచ్చినా అందుకునే చోటు దెబ్బతింటే ఆకలి ఆగదు.

ఈ వ్యాధి మన దగ్గర లేదనుకోకండి. హైదరాబాదులోని నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో 648 మంది డిమెన్షియా రోగులున్నారు. వారిలో 240 మందికి అల్జీమర్స్, 116 మందికి ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా. ఇవి పెద్దాసుపత్రికి వచ్చినవారి లెక్కలు. వీటిని మొత్తం జనాభాకు వర్తింపజేయరాదు.

5. ఇంట్లో ఏం చేయాలి?

• "ఇందాకే తిన్నావు కదా" అని వాదించకండి. కొద్దిగా మజ్జిగో, ఒక పండో ఇచ్చి మాట మార్చండి. మధ్యాహ్నం అన్నాన్ని రెండు విడతలుగా పెట్టినా మంచిదే.

• తక్కువ తినేవారికి కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. చోడి అంబలి, మెత్తని ఇడ్లీ, ఉడికించిన గుడ్డు వంటివి తేలిక. తెల్లన్నం తెల్లని పళ్ళెంలో సరిగా కనిపించదు కనుక రంగు పళ్ళెం వాడండి. నిటారుగా కూర్చోబెట్టి తినిపించండి.

• అదుపు లేకుండా తినేవారికి తీపి పదార్థాలు కంటబడకుండా ఉంచండి. మధుమేహం ఉంటే ఇది మరింత అవసరం.

• నెలకొకసారి బరువు చూసి రాసిపెట్టండి. ఆకలి తగ్గితే అది డిమెన్షియా వల్లనే అనుకోవద్దు. పంటినొప్పి, మలబద్ధకం, దిగులు కూడా కారణాలు కావచ్చు. మూత్రపిండాల వ్యాధి ఎక్కువగా ఉన్న ఉద్దానం శ్రీకాకుళం ప్రాంతంలోనే ఉంది. ఆ వ్యాధి కూడా ఆకలిని చంపుతుంది. అందుచేత ముందు దగ్గరి వైద్యునికి చూపించండి. అవసరమైతే విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రిలో నరాల వైద్యులను సంప్రదించవచ్చు.

6. సారాంశం

ఆకలికి హార్మోన్లు, హైపోథాలమస్, నుదుటి భాగం, జ్ఞాపకశక్తి కలిసి పనిచేయాలి. డిమెన్షియాలో ఏది దెబ్బతిన్నదన్న దానిని బట్టి తిండి తగ్గవచ్చు, పెరగవచ్చు. తినకపోవడం మొండితనం కాదు, ఆగకుండా తినడం తిండిపోతుతనం కాదు. రెండూ రోగ లక్షణాలే. ఇది తెలిసిన ఇంట్లో రోగికి తిట్లు, చాకిరీ చేసేవారికి నిందలు తగ్గుతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గ్రెలిన్, లెప్టిన్ చేసే పనులలో భేదం ఏమిటి?
2. కడుపు నిండినా "తినలేదు" అని రోగి ఎందుకు అనవచ్చు?
3. ఫ్రామింగ్‌హామ్ ఫలితాన్ని బట్టి లెప్టిన్ లోపమే అల్జీమర్స్‌కు కారణమని ఎందుకు చెప్పలేం?