గడప దాటిన ఇంటి గొడవలు

శారదా చట్టం అనగానే ఎవరో శారదమ్మగారి పేరు మీద వచ్చిందనుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. అది అజ్మీరుకు చెందిన హరవిలాస్ శారదా అనే పెద్దమనిషి ఇంటిపేరు. అమ్మాయికి 14, అబ్బాయికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయరాదన్న ఆ 1929 చట్టానికి పేరు ఆయనదే. దాని కోసం సభలు పెట్టి, తీర్మానాలు చేసి, శాసనసభ్యుల గుమ్మాలు ఎక్కిదిగింది మాత్రం ఆడవాళ్లు. అఖిల భారత మహిళా సభ పుట్టి అప్పటికి రెండేళ్లు. మద్రాసు శాసనమండలిలో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి కూడా ఇదే మాట ఎత్తారు.

సెప్టెంబరులో సభలో నెగ్గింది గానీ అమలు మాత్రం 1930 ఏప్రిల్ 1 నుంచి అన్నారు. ఆ ఆర్నెల్ల సందులో దేశమంతా పసిపిల్లల పెళ్లిళ్లు జాతర్లలా జరిగిపోయాయి. గడువు దాటాక గోదావరి జిల్లాలవాళ్లకు ఇంకో దారి దొరికింది. పక్కనే యానాం ఉంది, అక్కడ ఫ్రెంచివారి ఏలుబడి, శారదా చట్టం చెల్లదు. పెళ్లిబృందాలు అటు దారితీశాయి. యానాంకు కల్యాణపురం అన్న ముద్దుపేరు అలా వచ్చింది. ముద్దుపేరే, వెనకున్న కథే అంత ముద్దుగా లేదు.

ఎనిమిదేళ్లకే పెళ్లి చేసిన పిల్లల్లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఒకరు. ఊహ తెలిశాక ఆ పెళ్లిని కాదనుకున్నారు. కాకినాడ కాంగ్రెసులో నెహ్రూను టికెట్టు లేదని ఆపేసిన కథ అందరూ చెప్పేదే కనుక పక్కన పెడదాం. అంతకు రెండేళ్ల ముందటి ముచ్చట నాకు ఇంకా ఇష్టం. 1921లో గాంధీ కాకినాడ వస్తున్నారని తెలిసి, ఆయన దేవదాసీలతోనూ ఘోషా పాటించే ముస్లిం స్త్రీలతోనూ మాట్లాడాలని పట్టుబట్టింది ఆ పన్నెండేళ్ల పిల్ల. స్వాగత సంఘం పెద్దలు వదిలించుకుందామనుకున్నారో ఏమో, 5,000 రూపాయలు పోగుచేసి తెస్తే చూద్దామన్నారు. దేవదాసీలు ఆ సొమ్ము కూర్చారు. గాంధీ వచ్చారు. ఆయన మాటలను తెలుగులో చెప్పింది ఆ పిల్లే.

అదే దుర్గాబాయి 1953లో చైనా వెళ్లి, మొగుడూపెళ్లాల తగవులకు అక్కడ విడిగా కోర్టులుండటం చూశారు. తిరిగొచ్చి నెహ్రూతోనూ, పెద్ద న్యాయమూర్తులతోనూ మనకూ అలాంటివి కావాలని మాట్లాడారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది 1984లో. ఆమె పోయింది 1981లో. ఇంకో విశేషం: ఆ కోర్టుల్లో వకీలును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కాదు, కోర్టు అనుమతిస్తేనే. ఈ కోర్టులు కావాలన్న దుర్గాబాయి స్వయంగా వకీలు!

రాజ్యాంగం అమల్లోకి వచ్చాక లోక్‌సభ, రాజ్యసభ ఒక బిల్లు మీద మాట కుదరక ఒకేచోట కూర్చుని తేల్చుకోవడం మొదటిసారి దేని గురించి జరిగిందో తెలుసా? కట్నం గురించి. 1961 మే నెలలో. చట్టమైతే వచ్చింది. కట్నం పోయిందా అంటే, మీరే ఏ పెళ్లిచూపులకో వెళ్లి చూడండి.

ఆస్తి సంగతికి వస్తే ఈసారి మనవాళ్లే ముందు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం తండ్రి సొంత వాటాలో కూతురికి భాగం ఇచ్చింది గానీ, ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం కొడుకులకే ఉంచింది. ఆ హక్కును కూతురికీ సమానంగా ఇచ్చిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అయితే ఒక మెలిక: ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన ఆడపిల్లకు ఈ హక్కు లేదు. ఆగస్టులో పెళ్లయిన అక్కకు సున్నా, సెప్టెంబరు నెలాఖరుకు లగ్నం పెట్టుకున్న చెల్లెలికి అన్నదమ్ములతో సమాన భాగం. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లకు! దేశం మొత్తానికీ వర్తించే సవరణ 2005లో వచ్చింది, అందులో ఈ పెళ్లి మెలిక లేదు.

ఇక సారా. చదువు వెలుగునిస్తుందని వేదికల మీద చెప్పేవాళ్లు కూడా నెల్లూరు జిల్లాలో అది ఇంత పని చేస్తుందని ఊహించి ఉండరు. 1991లో అక్కడ అక్షరదీపం అనే అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది. రాత్రిపూట లాంతరు చుట్టూ చేరిన కూలి ఆడవాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. మొగుడు సారాకు బానిసైన ఇల్లాలి కథ. దూబగుంటలో ఆ పాఠం అక్షరాల దగ్గర ఆగలేదు. ఇది మన కథే కదా అనుకున్నారు. కూలి డబ్బు ఇంటికి చేరకముందే కొట్టుకు పోతోంది, పిల్లలకు గంజి లేదు, పైగా రాత్రికి దెబ్బలు. వర్ధినేని రోశమ్మతో పాటు ఊరి ఆడవాళ్లంతా కదిలి ఊళ్లో సారా కొట్టు మూయించారు. ఆ సంగతి మళ్లీ పాఠంగా అచ్చయి పక్క ఊళ్లకు చేరింది. 1992 నాటికి జిల్లా అంతా అదే మాట. చీపురుకట్టలు, కారప్పొడి, తాగి దొరికినవాళ్లకు గుండు. కలెక్టరాఫీసులో సారా పాటలు పెట్టడం, ఆడవాళ్లు అడ్డుకోవడం, వాయిదా వేయడం, మళ్లీ పెట్టడం.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది, ఆ సారాను ప్యాకెట్లలో నింపి ఊరూరికీ అందే ఏర్పాటు చేసింది సాక్షాత్తూ ప్రభుత్వమే. వారుణివాహిని అని చక్కటి సంస్కృతపు పేరు కూడా పెట్టింది. ఖజానాకు వచ్చే సొమ్ము చిన్నది కాదు. అందుకే ఇంటాయన మీద కోపంతో బయల్దేరిన ఆడవాళ్లు చివరికి సర్కారుకు ఎదురు నిలిచారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో నిషేధం సడలింది. ఆ రెండేళ్లలో ఏం జరిగిందో చెప్పమంటే ఆర్థికశాఖ వాళ్లు ఒకటి చెబుతారు, దూబగుంట వాళ్లు ఇంకొకటి.

బాలకార్మికులంటే హోటల్లో కప్పులు కడిగే కుర్రాడే అందరి కళ్లముందు మెదులుతాడు. ఇంట్లో చంటాడిని చంకనేసుకుని బడి మానేసిన పిల్ల లెక్కలోకి రాదు. శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఆ లెక్కనే తిరగరాసింది. బడికి పోని బిడ్డ ఎవరైనా సరే బాలకార్మికులే అంది. పని మాన్పించిన పిల్లలను శిబిరాల్లో ఉంచి, వెనకబడ్డ చదువు నేర్పి, వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టారు. సంస్థ పేరులోని రెండక్షరాలు ఆమె తాతగారివి: మామిడిపూడి వెంకటరంగయ్య. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షురాలు ఆమే.

చివరిగా ఒక్క మాట మీద నడిచిన కేసు. రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేరిట రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోయారు. సంరక్షకురాలిగా తాను సంతకం పెడతానన్నారు, భర్తకూ అభ్యంతరం లేదు. తల్లి సంతకం చాలదన్నారు. హిందూ సంరక్షకత్వ చట్టంలో 'తండ్రి, అతని తర్వాత తల్లి' అని ఉంది మరి. తర్వాత అంటే తండ్రి పోయాకనే అని అందరి లెక్క. 1999లో సుప్రీంకోర్టు, తర్వాత అంటే తండ్రి దగ్గర లేనప్పుడు, పట్టించుకోనప్పుడు కూడా అని అర్థం చెప్పింది. చట్టంలో అక్షరం మాత్రం మారలేదు. 'తర్వాత' అక్కడే ఉంది.