నేల కుంగితే గెడ్డ ఏమవుతుంది?

మా నందిగాం వైపు వాగును గెడ్డ అంటాం. ఎండినా, పొంగినా గెడ్డ దారి గెడ్డదే అనుకునేదాన్ని. బొగ్గు గనుల ఊరికి కాపురానికెళ్లిన మా అక్క పండక్కి వచ్చినప్పుడు అడిగింది: "కింద నేల డొల్లయిపోతే పైన గెడ్డేటవుతాదే?"

మా టెక్కలి గ్రానైటు క్వారీల్లో తవ్వింది కంటికి కనిపిస్తుంది. భూగర్భ గని అలా కాదు. ఇల్లందు ప్రాంతంలో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. పైకప్పు పడకుండా కొంత బొగ్గును స్తంభాలుగా వదులుతారు. చివర్లో వాటినీ తీసేస్తే పైరాయి కూలుతుంది, నేల పళ్లెంలా కుంగుతుంది, అంచుల్లో బీటలు పడతాయి.

ఆ మీదుగా వాగు పోతుంటే? పల్లంలో నీరు మడుగు కట్టి ఒండ్రు పేరుకుంటుంది. పల్లంలోకి దిగేచోట వాలు పెరిగి గట్లు కోసుకుపోతాయి. బీటల్లోకి నీరు జారితే దిగువన బిందె మునగదు. ఆ నీరే గనిలోకి చేరితే కింద పనిచేసేవాళ్ల ప్రాణాలకే ముప్పు.

అందుకే నది, కాలువ, చెరువుల అడుగున, గట్టుకు 15 మీటర్లలోపు అనుమతి లేనిదే తవ్వకూడదని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు చెప్పాయి. గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి గని ఖాళీల్లో నింపే పద్ధతి సింగరేణికి పాతదే. దాంతో కుంగడం తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. పైన బీటల్ని బంకమట్టితో పూడ్చాలి.

వాగులో కొత్త మడుగు, గట్టున కొత్త బీట ముందుగా కంటపడేది నీళ్లకెళ్లే ఆడవాళ్లకే. చూసి ఊరుకోకండి. పిల్లల్ని అటు పోనివ్వకండి, గని అధికారులకు వెంటనే చెప్పించండి.