ట్రౌట్ చేప మన చెరువులో ఎందుకు బతకదు?

పిల్లలూ, లింగంపల్లిలో చేపల దుకాణం ముందు ఎప్పుడైనా ఆగారా? తొట్టిలోని కొర్రమీను ఉన్నట్టుండి పైకొచ్చి, నోరు తెరిచి ఓ గుక్క గాలి మింగి మళ్లీ అడుగుకు పోతుంది. మన తెలంగాణ రాష్ట్ర చేప అదే! మరి అమెరికా సరస్సుల్లో దొరికే ట్రౌట్, సాల్మన్ చేపలు మన లింగంపల్లి గోపి చెరువులో ఎందుకుండవు?

ఓ గ్లాసు సోడా ఫ్రిజ్‌లో, ఇంకోటి ఎండలో పెట్టి అరగంటయ్యాక తాగి చూడండి. ఎండలోది చప్పబడిపోతుంది, గ్యాసంతా ఎగిరిపోయి. నీటిలో కరిగిన ప్రాణవాయువూ అంతే. 10 డిగ్రీల చల్లటి నీరు లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాములు పట్టి ఉంచితే, 30 డిగ్రీల నీరు ఏడున్నరే. పైగా వేడికి చేపకు ఊపిరి ఇంకా ఎక్కువ కావాలి. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. పాపం, ట్రౌట్‌కు నీటిలో కరిగినదే దిక్కు.

అమెరికాలోని మిషిగన్ సరస్సులోనూ వేసవిలో ట్రౌట్, సాల్మన్ పైన తిరగవు. బకెట్లో చన్నీళ్ల మీద వేడినీళ్లు మెల్లగా పోస్తే పైనే తేలతాయి కదా, సరస్సూ అలాగే. చేపలు అడుగున చల్లటి పొరలోకి దిగిపోతాయి. అప్పుడు వాటిని పట్టేవాళ్లు బరువైన గుండు సాయంతో గాలాన్ని ఆ లోతుకు దించి, పడవను మనిషి నడిచేంత వేగంతో పోనిస్తారు. వెనకాల తళతళలాడే రేకు చిన్న చేపలా ఊగుతుంటే సాల్మన్ వెంటపడుతుంది. దీన్నే ట్రోలింగ్ అంటారు.

చెరువులో బతకకపోయినా, ఇప్పుడు మన రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలో, నీటిని చల్లబరిచి, శుభ్రంచేసి తిప్పే తొట్లలో ట్రౌట్‌ను పెంచుతున్నారు.