గాలి సిలిండరు మెడ, వాల్వు మర

1908లో మూసీ వరద భాగ్యనగరమును ముంచిన పిమ్మట, అట్టి విపత్తు మరల రాకుండుటకై ఆ నదిపై 1920లో నిర్మింపబడినది గండిపేట జలాశయము. ఉస్మాన్ సాగర్ అని దాని అసలు పేరు. ఇట్టి జలాశయములలో ఎవరైన మునిగిరన్న వార్త వచ్చినపుడెల్ల, గజ ఈతగాండ్రు గాలించుచున్నారను మాటయు వినుచుందుము. ఊపిరి బిగబట్టి గాలించువానికి దొరకు వ్యవధి స్వల్పము. వీపున గాలి సిలిండరు కట్టుకొన్నవానికి చాల సేపు దొరకును. ఫ్రాన్సు దేశమున కూస్తో, గాన్యాన్ అనువారు 1943లో రూపొందించిన సాధనమే దీనికి మూలము. అయితే ఆ సిలిండరు నీటిలోనే కాక ఒడ్డున, గాలి నింపునపుడు సైతము ప్రాణము తీయగలదు. దానిని గూర్చియే మేము చెప్పదలచినది.

12 లీటర్ల సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో సుమారు 2400 లీటర్ల గాలి ఇమిడియుండును. ఆ ఒత్తిడి 25 మిల్లీమీటర్ల వ్యాసముగల వాల్వును పైకి నెట్టు బలము దాదాపు ఒక టన్ను. దానిని ఆపియుంచునవి మర చుట్లు మాత్రమే.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. సిలిండర్ల మెడలన్నియు ఒకే కొలతవి కావు. ఒక రకము ‘ఎం 25×2’. అనగా వ్యాసము 25 మిల్లీమీటర్లు, చుట్టునకు చుట్టునకు నడుమ దూరము 2 మిల్లీమీటర్లు. రెండవది ‘ముప్పావు అంగుళము’. ముప్పావు అంగుళమనగా 19 మిల్లీమీటర్లే కదా, ఇదియే చిన్నదని ఎవరికైనను తోచును. కాని అది గొట్టపు లోపలి రంధ్రమునుబట్టి పూర్వము పెట్టిన పేరు. మన యింటి నల్లా గొట్టముల సంగతియు ఇంతే. అరంగుళపు ఇనుప గొట్టమును వెలుపల కొలిచి చూచినచో పాఠకులకే తెలియును. ఈ ముప్పావు అంగుళపు మర వెలుపలి వ్యాసము నిజమునకు 26 మిల్లీమీటర్ల పైచిలుకు. పేరునకు చిన్నది, కొలతకు పెద్దది!

కనుక 25 మిల్లీమీటర్ల వాల్వు ముప్పావు అంగుళపు మెడలో సులభముగా దిగును. ఈ మెడలో అంగుళమునకు 14 చుట్లు, అనగా చుట్టునకు 1.81 మిల్లీమీటర్లు. ప్రతి చుట్టునకు కొంత తేడా చేరి, కొంత తిరిగిన పిదప వాల్వు బిగిసినట్లు తోచును. అది పట్టు కాదు, పొసగని చుట్ల పెనగులాట. పైన నుండు రబ్బరు ఓ-రింగు గాలిని పోనీయదు గనుక సబ్బునీరు పూసినను బుడగ రాకపోవచ్చును. ఒత్తిడి పెరిగినకొలది, కొనలతో మాత్రమే పట్టుకొన్న చుట్లు ఒక్కసారిగా తెగి, వాల్వు తూటావలె ఎగురును. విదేశములలో ఇట్టి ప్రమాదములు నమోదైయున్నవి. ముప్పావు అంగుళపు వాల్వు మాత్రము 25 మిల్లీమీటర్ల మెడలో దిగనే దిగదు.

అమెరికా, బ్రిటిషు ముప్పావు అంగుళపు మరలు రెండింటికిని 14 చుట్లే. కాని చుట్టు కోణము ఒకదానికి 60 డిగ్రీలు, రెండవదానికి 55. వీనిని కూడ కలుపరాదు.

సిలిండరు భుజముపైనను, వాల్వుపైనను మర గుర్తు చెక్కబడి యుండును. రెండును చదివి, సరిపోలినపుడే బిగింపవలెను. గుర్తు చెరిగినచో, మర కొలుచు గేజితో నిపుణుడు తేల్చువరకు గాలి నింపరాదు. కారుచున్న నల్లాకు జనుము చుట్టి బిగించు నేర్పు ఇక్కడ పనికిరాదు. మన దేశమున ఈ సిలిండర్లు 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనలకు లోబడినవి. నాగపూరు కేంద్రముగాగల పెట్రోలియం, పేలుడు పదార్థముల భద్రతా సంస్థ వానిని అమలుపరచుచున్నది.

నిండిన సిలిండరునకు పొసగని వాల్వు ఉన్నదని అనుమానము కలిగినచో దానిని ఇంకను బిగింపబోరాదు. ఇతరులను దూరముగా పంపి, నిపుణుడు వాల్వునకు ఎదురుగాగాక ప్రక్కన నిలిచి, దాని పిడిని మెల్లగా తిప్పి గాలినంతయు విడువవలెను. అంతవరకు మరను ముట్టరాదు.