పారవేసిన గడియారానికి పునర్జన్మ

గడియారమన్న మాటలోనే మన పూర్వుల కాలగణనం దాగి ఉన్నది. అడుగున సన్నని రంధ్రమున్న గిన్నెను నీటిపై వదిలితే, అది నిండి మునగడానికి పట్టిన కాలం ఒక గడియ, అనగా 24 నిమిషాలు. దినానికి అరవై గడియలు. రంధ్రం అరిగిన కొలదీ గిన్నె త్వరగా మునుగుతుంది. అయితే అది ఎంత త్వరపడుతున్నదో తెలిసినవానికి ఆ గిన్నెతోనూ సరియైన కాలం తెలుస్తుంది. అమెరికాలో గరాజ్ సేల్‌లో ఒకటి రెండు డాలర్లకు దొరికే పాత గోడగడియారానికీ ఈ సూత్రమే వర్తిస్తుంది.

స్ఫటికాన్ని ఒత్తితే విద్యుదావేశం పుడుతుందని 1880లో ఫ్రాన్సు దేశంలో క్యూరీ సోదరులు కనుగొన్నారు. విద్యుత్తును ప్రయోగిస్తే స్ఫటికం కంపిస్తుంది. దీని ఆధారంగా 1927లో బెల్ టెలిఫోన్ లేబొరేటరీస్‌లో వారెన్ మారిసన్, జె. డబ్ల్యు. హార్టన్ తొలి క్వార్ట్‌జ్ గడియారాన్ని నిర్మించారు. 1969 డిసెంబరు 25న జపానులో సీకో సంస్థ ఆస్ట్రాన్ అనే క్వార్ట్‌జ్ చేతిగడియారాన్ని విడుదల చేసింది.

నేటి గోడగడియారాన్ని విప్పి చూస్తే మనకు పనికివచ్చేవి రెండు. మొదటిది, బియ్యపుగింజకంటె కొంచెం పెద్దదైన లోహపు గొట్టం. అందులోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. రెండవది రాగితీగచుట్ట, దాని ప్రభావంతో తిరిగే చిన్న అయస్కాంతం. తీగచుట్టలో విద్యుత్తు ఒకసారి ఇటు, మరుసారి అటు క్షణకాలం ప్రవహిస్తే, అయస్కాంతం ప్రతిసారీ అరచుట్టు తిరిగి సెకన్ల ముల్లును ఒక అడుగు నడుపుతుంది.

ఈ రెండింటి నడుమ, నల్లని జిగురుముద్ద క్రింద ఉన్న పాత చిప్‌ను తొలగించి, ఏటీమెగా 328పి వంటి మైక్రోకంట్రోలర్‌ను అమర్చవచ్చు. స్ఫటికపు తీగలు సున్నితమైనవి కనుక సోల్డరింగ్ వేడి ఎక్కువసేపు తగలరాదు. చిప్‌లోని గణకం కంపనాలను 128చే భాగించి, 256 వరకు లెక్కిస్తుంది. 128ని 256తో గుణిస్తే సరిగా 32,768. కనుక చిప్ సెకనుకొకసారి మేల్కొని, ముల్లును నడిపి, మరల నిద్రిస్తుంది. నిద్రలో అది వాడుకొనే విద్యుత్తు సుమారు ఒక మైక్రోఆంపియరు మాత్రమే. బ్యాటరీ ఖర్చులో అధికభాగం తీగచుట్టదే. ఈ చిప్‌కు కనీసం 1.8 వోల్టులు కావాలి గనుక రెండు బ్యాటరీలు పెట్టాలి. తీగచుట్ట ఒక్క బ్యాటరీకి చేసినది గనుక దానికి శ్రేణిలో ఒక నిరోధకం జతపరచాలి.

ఇంతవరకు మనం పాత గడియారాన్ని మరల తయారు చేశామే గాని మెరుగుపరచలేదు. మెరుగు కొలతతో వస్తుంది. కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ కాలిన్స్ నుండి డబ్ల్యు.డబ్ల్యు.వి. అనే ప్రభుత్వ కేంద్రం కాలసంకేతాలను ప్రసారం చేస్తున్నది. షార్ట్‌వేవ్ రేడియోను 10 మెగాహెర్ట్‌జ్ వద్ద పెడితే దాదాపు ప్రతి సెకనుకు టిక్కుమనే ధ్వని వినవచ్చు. మన గడియారం ముప్పై రోజులలో 52 సెకన్లు ముందుకు పోయిందనుకుందాం. అనగా పది లక్షల సెకన్లకు ఇరవై సెకన్లు అదనం. కనుక ప్రతి 50,000 సెకన్లకు, అనగా సుమారు 13 గంటల 53 నిమిషాలకు, ముల్లు ఒక్క అడుగు వేయకుండా ఆపమని చిప్‌కు ఆదేశమిస్తే చాలు. గడియారం వెనుకబడుతుంటే ఒక అడుగు అదనంగా వేయించాలి.

మిగిలిన శత్రువు ఉష్ణోగ్రత. ఈ స్ఫటికం 25 డిగ్రీల సెల్సియస్ వద్ద అత్యంత వేగంగా కంపిస్తుంది. వేడి పెరిగినా, చలి పెరిగినా నెమ్మదిస్తుంది. 5 డిగ్రీల చలిలో, అనగా 41 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద, దినానికి దాదాపు 1.2 సెకన్లు తగ్గుతుంది. ఈ లోపం కూడా ఒక నియమాన్ని అనుసరిస్తుంది గనుక, ఉష్ణోగ్రతను కొలిచి లెక్కలో కలుపుకోవచ్చు.

ఖరీదైన స్ఫటికం లేకపోయినా ఖచ్చితమైన కాలం సాధ్యమే. నిలకడగల లోపాన్ని లెక్కతో సరిదిద్దవచ్చు. నిలకడలేని దానిని సరిదిద్దలేము. నేడు ఫోను చూపే కాలాన్ని మన పిల్లలు ప్రశ్నించకుండా నమ్ముతున్నారు. ఈసారి ఆగిపోయిన గడియారాన్ని చెత్తబుట్టలో వేయకముందు, వారిని ప్రక్కన కూర్చోబెట్టుకొని ఒకసారి విప్పి చూడండి. ముప్పై రోజులు ఓపికతో లోపాన్ని కొలిచిన పిల్లవానికి కాలం ఎక్కడి నుండి వస్తుందో మరి చెప్పనక్కరలేదు.