మన ఊరికి మన వికీ

కోట చరిత్ర నుంచి పొలం కాగితం దాకా... తెలిసినదంతా ఒక్క ఫైలులో ముడివేసుకుందాం

నెల్లూరు జిల్లా ఉదయగిరి అనగానే కోట గుర్తొస్తుంది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఆ దుర్గాన్ని గెలిచాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఒక్క కొండ కథ ఇలా మూడు రాష్ట్రాలకు పాకింది. ఇలాంటి కథలను దాచుకోవడానికి పనికొచ్చేదే పర్సనల్ వికీ, అంటే లింకులతో ఒకదానికొకటి ముడిపడిన మన సొంత నోట్సు. అందులో కోట, రాయలు, హంపీ వేటికవే పేజీలు. ఏ పేరు నొక్కినా దాని పేజీ తెరుచుకుంటుంది. ఆ పేరును ఇంకెక్కడెక్కడ తలుచుకున్నామో కూడా కనిపిస్తుంది.

వార్డ్ కనింగ్‌హామ్ 1995లో తొలి వికీని నలుగురూ కలిసి రాసుకోవడానికి పెట్టాడు. జెరెమీ రస్టన్ 2004లో తెచ్చిన టిడ్లీవికీ ఒక్క మనిషికి చాలు. అంతా ఒకే ఫైలు. ఉచితం. నెట్ లేకున్నా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. పేరుకు అటూ ఇటూ రెండేసి చదరపు బ్రాకెట్లు పెడితే అదే లింకు.

బీరువాలోని కాగితాలు

ఆత్మకూరు వైపు రైతు ఇంట్లో పాసుపుస్తకం, 1బి, ఈసీ, తాతలనాటి భాగపరిష్కారం తలో సంచిలో ఉంటాయి. రీసర్వే జరిగిన గ్రామాల్లో సర్వే నంబర్ల స్థానంలో ఎల్పీ (ల్యాండ్ పార్సిల్) నంబర్లు వచ్చాయి. పాత నంబరు పేజీని కొత్త నంబరు పేజీకి కలిపి, గట్టు పక్క రైతెవరో, ఏ కాగితం ఎక్కడుందో రాసిపెడితే రేపు పిల్లలు ఎవరినీ అడగక్కర్లేదు. ఉదయగిరి చెక్క గరిటెల కళాకారుల ఇళ్లలో ఇంకో సంపద ఉంది: ఏ కర్ర దేనికి పనికొస్తుంది, ఎంత ఆరాలి అన్నది. చేతిలో ఉన్న ఆ విద్యకూ ఒక పేజీ కావాలి.

పేజీకి పేరు పెట్టేటప్పుడు జాగ్రత్త. ఆత్మకూరు నంద్యాల జిల్లాలోనూ ఉంది, వనపర్తి జిల్లాలోనూ ఉంది. ఉదయగిరి ఒడిశాలోనూ ఉంది. అందుకే ‘ఆత్మకూరు, నెల్లూరు’ అని జిల్లాతో సహా రాయాలి. ఫైలుకు మరో నకలు వేరేచోట దాచాలి. పాస్‌వర్డులు, ఆధార్ నంబర్లు అందులో పెట్టకూడదు.

ఎవరు చెప్పారు?

బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చువేశారు. తాలూకాల వారీగా, ఊరి పేరుతో, ప్రతి శాసనానికీ ఒక నంబరు ఇచ్చారు. నూరేళ్లు దాటినా పరిశోధకులు ఆ నంబర్లతోనే వెతుక్కుంటున్నారు. మన వికీకీ అదే క్రమశిక్షణ కావాలి. ప్రతి పేజీ అడుగున ఆ మాట ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో, ఏ కాగితంలో చూశామో రాయాలి. ఆ ఒక్క వరుస ఉంటేనే మనం విన్నది రేపటివాళ్లు నమ్మగలిగిన ఆధారమవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడగాలి, వెంటనే రాయాలి. మొదటి పేజీకి మీ ఊరి పేరే పెట్టండి.