రాత్రి లేని ఊళ్లో కొత్త కాపురం

నార్వేకు ఉత్తరాన స్వాల్‌బార్డ్ దీవుల్లో, 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న లాంగియర్‌బైన్‌లో జూన్ నెలలో కాపురం పెట్టేవారికి మొదటి ఇబ్బంది నిద్ర. ఏప్రిల్ మూడో వారంలో పొడిచిన పొద్దు ఆగస్టు 20 దాటితేగాని కుంకదు. కిటికీలకు మందపాటి తెరలు కట్టుకోనిదే కన్ను మూతపడదు.

1906లో బొగ్గు కోసం వెలసిన ఊరిది. మసి లోపలికి రాకుండా గుమ్మంలోనే బూట్లు విప్పే ఆనవాయితీ కొన్ని హోటళ్లలో సైతం నేటికీ సాగుతోంది. (ఈ విషయంలో మనవారికి ఎవరూ నేర్పనక్కరలేదు.) ఇక్కడి నార్వే వారి చివరి గని 2025లో మూతపడింది. సుమారు రెండున్నర వేల జనాభాకు ఇక యాత్రికులు, పరిశోధనలే ప్రధాన ఆధారం.

మంచు కరిగే ఈ రోజుల్లో ఈడర్ బాతులు కుక్కల దొడ్డి పక్కనే, రోడ్డు వారగా గుడ్లు పెడతాయి. కుక్కలున్న చోటికి నక్కలు రావని వాటి ధీమా. అంటార్కిటికా దాకా పోయి వచ్చే టెర్న్ పిట్టలు మాత్రం గూటి దరికి వచ్చినవారి నెత్తిన పొడుస్తాయి. కర్ర ఒకటి తలకు పైగా ఎత్తి పట్టుకుంటే ఆ కర్రనే పొడిచి పోతాయి.

ఊరి చివర తెల్ల ఎలుగుబంటి బొమ్మ ఉన్న బోర్డు దాటితే తుపాకీ తోడు ఉండాలి. మరో ఊరికి రోడ్డు లేదు. పడవో, విమానమో, చలికాలమైతే మంచు బండో ఎక్కవలసిందే. అలా సుమారు 110 కిలోమీటర్లు పోతే నీ-ఓలెసుండ్. మన దేశం 2008లో 'హిమాద్రి' పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించింది అక్కడే. ఆ ఊళ్లో తలుపులకు తాళాలు వేయరు. ఎలుగు వెంటబడితే ఎవరైనా, ఏ ఇంట్లోకైనా దూరవచ్చు.